బ్రౌజర్ అడిగినంత మెమరీ ఇవ్వాలా, ముక్కుతాడు వేయాలా?

సుబేదారి సెంటర్:
హనుమకొండలో నాకు చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. దరఖాస్తులు, హాల్ టికెట్లు, పహాణీల ప్రింట్లు, ఇదే పని. మూడు కంప్యూటర్లు, మూడింటిలోనూ 4 జీబీ మెమరీ (ర్యామ్), విండోస్ 10. కౌంటరు దగ్గరి దానికి పోయిన నెలలో 8 జీబీ చేయించాను. డబ్బు ఖర్చయింది తప్ప తేడా కనబడలేదు. పది ట్యాబులు తెరిస్తే చాలు, బాణం గుర్తు జిగురులో పడ్డట్టు కదులుతుంది.

పక్క దుకాణం వాళ్ల అబ్బాయి ఇంజనీరింగు మూడో సంవత్సరం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో అబౌట్ కాన్ఫిగ్ అనే లోపలి సెట్టింగుల పేజీ తెరిచి, మెమరీ క్యాష్ అన్న చోట మైనస్ 1 ఉంటే దాన్ని 524288 చేశాడు. "ఇక 512 ఎంబీ వాడుకుంటుంది అంకుల్, చూడండి ఎలా పరుగెత్తుతుందో" అన్నాడు. రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. మా తమ్ముడేమో బ్రౌజర్‌కు మెమరీ ఇచ్చేకొద్దీ మిగతావి ఆగిపోతాయంటాడు. ఎవరి మాట వినాలి?

కాజీపేట జంక్షన్:
మీ తమ్ముడి మాట వినకండి. డబ్బు పెట్టి ర్యామ్ కొని దాన్ని ఖాళీగా ఉంచడం, గాదె కట్టించి ధాన్యం బయట పోసుకోవడం లాంటిది. బ్రౌజర్ తిండిపోతు అని అందరూ తిడతారు గానీ ఎందుకు తింటుందో ఒక్కరూ అడగరు. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు ట్యాబులను విడివిడి ప్రాసెస్‌లుగా, అంటే వేర్వేరు ప్రోగ్రాముల్లా, నడపడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఒక పేజీ కూలితే బ్రౌజర్ మొత్తం కూలేది. 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. ఒక పేజీలోని ప్రోగ్రాము పక్క పేజీ మెమరీలోని రహస్యాలను ఊహించి లాగే ప్రమాదం ఉందని తేలింది. దాంతో క్రోమ్ ఆ ఏడాదే ఒక్కో సైటుకు ఒక్కో ప్రాసెస్ కేటాయించింది. దానివల్ల మెమరీ వాడకం సుమారు 10 నుంచి 13 శాతం పెరుగుతుందని వాళ్లే చెప్పారు. మీ సెంటరులో ఒక ట్యాబులో బ్యాంకు, పక్క ట్యాబులో ఏదో ఊరూ పేరూ లేని సైటు తెరుస్తారు కదా. ఆ మధ్య గోడకు అయ్యే ఖర్చు అది. ఇచ్చేయండి.

మత్తడి:
గోడ కట్టండి, ఎవరు వద్దన్నారు? ఇంట్లో స్థలం ఎంతుందో చూసి కట్టమంటున్నాను.

మన దగ్గర కాకతీయుల గొలుసుకట్టు చెరువులు అందరికీ తెలుసు. పై చెరువు నిండితే మత్తడి దూకి నీళ్లు కింది చెరువుకు చేరతాయి. విండోస్ చేసేదీ అదే. ర్యామ్ నిండితే పక్కన పడి ఉన్నదాన్ని డిస్క్ మీది పేజ్ ఫైలులోకి వదులుతుంది. చిక్కు ఎక్కడంటే, మళ్లీ ఆ ట్యాబు నొక్కగానే ఆ నీళ్లను కింది చెరువు నుంచి పైకి ఎత్తిపోయాలి. ర్యామ్‌లో ఒక చోటు అందుకోవడానికి సుమారు 100 నానో సెకన్లు. తిరిగే హార్డ్ డిస్క్‌కు సుమారు 10 మిల్లీ సెకన్లు. అంటే లక్ష రెట్లు. అన్నా, మీ బాణం గుర్తు జిగురులో పడేది అక్కడే. 4 జీబీ యంత్రంలో బ్రౌజర్‌కు ముక్కుతాడు వేయాల్సిందే. క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ అందుకే పెట్టారు. వాడని ట్యాబును నిద్రపుచ్చుతాయి.

పాత మాస్టారు:
నిద్రపుచ్చడం గురించి నన్ను అడగండి. పెన్షన్ పని మీద ఒక దరఖాస్తు నలభై నిమిషాలు కూర్చుని నింపాను. భోజనానికి లేచి వచ్చేసరికి లాగిన్ పేజీ ఎదురుగా నిలబడి "మీరెవరు?" అని అడుగుతోంది. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పిన వాణ్ణి, ఎన్నడూ ఇంత అవమానపడలేదు. మీరు మెమరీ మిగుల్చుకోవడానికి నా దరఖాస్తును బలి పెట్టవద్దు.

మత్తడి:
మాస్టారూ, ఆ పాపం బ్రౌజర్‌ది కాకపోవచ్చు. సగం నింపిన ఫారం ఉన్న ట్యాబును, పాట మోగుతున్న ట్యాబును, పిన్ చేసిన ట్యాబును క్రోమ్ నిద్రపుచ్చదు. పైగా ఫలానా సైటును ఎప్పుడూ మెలకువగా ఉంచు అని చెప్పే జాబితా కూడా సెట్టింగులలో ఉంది. మిమ్మల్ని బయటికి పంపింది అవతలి సర్వరు అయి ఉంటుంది. కాసేపు కదలిక లేకపోతే లాగిన్ రద్దు చేయడం వాళ్ల భద్రతా నియమం. మీ కంప్యూటర్‌లో 64 జీబీ ఉన్నా అదే జరిగేది.

పాత మాస్టారు:
హంతకుడు మారాడు, సరే. శవం నాదే కదా నాయనా.

కాజీపేట జంక్షన్:
మాస్టారి మాటకు నవ్వు ఆగలేదు.

ఆ ఇంజనీరింగు అబ్బాయి చేసిన పని గురించి మాత్రం ఒప్పుకోవాలి, అది నా వాదనకు సాయం చేయదు. ఆ విలువ కిలోబైట్లలో ఉంటుంది, కాబట్టి 524288 అంటే నిజంగానే 512 ఎంబీ. కానీ అది పేజీలు నడవడానికి వాడే మెమరీ కాదు. డిస్క్ మీద ఉంచకూడని బొమ్మలూ ముక్కలూ మళ్లీ తెప్పించుకోకుండా దాచుకునే చిన్న అల్మారా. మైనస్ 1 అంటే ర్యామ్‌ను బట్టి నువ్వే తేల్చుకో అని. అలా వదిలేస్తే 8 జీబీ యంత్రంలో కూడా ఫైర్‌ఫాక్స్ దానికి 32 ఎంబీ దాటనివ్వదు. అల్మారా పెద్దది చేసినంత మాత్రాన వంటగది పెద్దది కాదు. మళ్లీ మైనస్ 1 పెట్టేయండి.

ఎనుమాముల:
కంప్యూటర్లు బాగు చేయడమే నా పని. మీరంతా ఇంత చర్చించారు, ఒక్కరూ అడగవలసిన ప్రశ్న అడగలేదు. సుబేదారి అన్నా, సెట్టింగులలో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ర్యామ్ పక్కన బ్రాకెట్లలో ఏముంది? కింద సిస్టమ్ టైప్ అన్న చోట ఏముంది? ఉన్నది ఉన్నట్టు రాయండి.

సుబేదారి సెంటర్:
8 జీబీ అని ఉంది. బ్రాకెట్లలో 3.24 జీబీ యూజబుల్ అంటోంది. కింద 32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ అని ఉంది. ఇది చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు.

ఎనుమాముల:
ర్యామ్ అమ్మినవాడు చెప్పాల్సింది.

32 బిట్ల చిరునామాతో లెక్కపెట్టగలిగే బైట్లు 4,29,49,67,296. అంటే సరిగ్గా 4 జీబీ. అందులోనూ గ్రాఫిక్స్, ఇతర పరికరాలు తమ వాటా తీసుకుంటాయి, అందుకే మీకు 3.24 మిగిలింది. ఆ తరువాత ఒక్కో ప్రాసెస్‌కు మామూలుగా దొరికేది 2 జీబీ. మీరు కొన్న అదనపు ర్యామ్ బోర్డు మీద కూర్చుని కరెంటు తాగుతోంది, అంతే. బ్రౌజర్‌లో ఏ మీట తిప్పినా అది అందదు.

64 బిట్ విండోస్ వేయాలి. ఉన్నదాని మీద వేయడం కుదరదు, డిస్క్ తుడిచి కొత్తగా వేయాలి. లైసెన్సు పాతదే పనిచేస్తుంది. కానీ తుడిచే ముందు ప్రింటరుకు, వేలిముద్ర యంత్రానికి 64 బిట్ డ్రైవర్లు, అంటే వాటిని విండోస్‌తో నడిపించే ప్రోగ్రాములు, ఉన్నాయో లేదో చూసుకోండి. పాత ప్రింటర్లతో నేను పడ్డ తిప్పలు ఇక్కడ రాస్తే మాస్టారు మళ్లీ భోజనానికి వెళ్లి రావచ్చు. ఇంకొకటి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు, కానీ అది టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు అడుగుతుంది. మీ యంత్రాల వయసు చూస్తే అనుమానమే.

కాజీపేట జంక్షన్:
చూశారా, చివరికి మెమరీ అందకపోవడమే జబ్బు. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

మత్తడి:
ఒక్క కంప్యూటర్‌కు. మిగతా రెండు ఇంకా 4 జీబీవే. వాటికి కూడా 64 బిట్ వేస్తే విండోసే ఇంకాస్త ఎక్కువ తింటుంది, బ్రౌజర్‌కు మిగిలేది తగ్గుతుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూశాం కదా. ఆ రెండింటికీ హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, పెట్టండి, మెమరీ సేవర్ వేయండి. కింది చెరువును దగ్గరికి తెచ్చుకున్నట్టు.

కాజీపేట జంక్షన్:
ఎస్ఎస్‌డీ ర్యామ్ కాదు. ఎంత దగ్గరైనా ఎత్తిపోతలే.

మత్తడి:
అయితే ఆ రెండింటి ర్యామ్ డబ్బులు మీరు ఇవ్వండి.

సుబేదారి సెంటర్:
మీరిద్దరూ కొట్టుకుంటూ ఉండండి, నేను పని మొదలుపెట్టాను. మైనస్ 1 తిరిగి పెట్టాను, అబ్బాయికి చెబితే కాస్త చిన్నబుచ్చుకున్నాడు. వేలిముద్ర యంత్రానికి 64 బిట్ డ్రైవరు దొరికింది, పాత ప్రింటరుకు దొరకలేదు. అందుకని ఒక 4 జీబీ దాన్ని ఉన్నట్టే ఉంచి ప్రింట్లకు మాత్రమే వాడతాను. రెండో దానికి ఎస్ఎస్‌డీ. కౌంటరు దాన్ని ఆదివారం తుడిచి 64 వేస్తున్నాం. మాస్టారూ, సోమవారం రండి, మీ దరఖాస్తు దాని మీదే నింపుదాం.

పాత మాస్టారు:
వస్తాను. ఈసారి భోజనం చేసే వస్తాను.