ట్రాక్ ఉండగా సైకిల్ రోడ్డు మీద తొక్కకూడదా? రూల్ ఎక్కడుంది?

పెడల్‌ప్రియుడు
ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీసు రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నాను. పక్కన సోలార్ సైకిల్ ట్రాక్. యూనిఫాంలో ఉన్న ఒకాయన ఆపి, "అంత డబ్బు పోసి ట్రాక్ కట్టింది దేనికి? అందులోకి పో, లేకపోతే ఫైన్" అన్నాడు. ఏ సెక్షన్ అని అడిగితే నాకే సెక్షన్లు చెప్తావా అని గద్దించాడు. నిజంగా అలాంటి రూల్ ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

స్టీరింగ్‌శీను
ఉండే ఉంటుంది. లేకపోతే పెట్టాలి. 23 కిలోమీటర్ల ట్రాక్, నాలుగున్నర మీటర్ల వెడల్పు, ఎండ తగలకుండా నెత్తిన సోలార్ పలకలు. పెళ్ళికొడుకుకి కూడా అంత పందిరి వేయరు. అయినా రోడ్డు మీదికే వస్తారు, అదీ ఇద్దరిద్దరు పక్కపక్కన కబుర్లాడుకుంటూ.

డైనమో_మాస్టారు
ముందు సైకిల్‌కి లైటు ఉందా?

లాపాయింట్
శీను గారూ, "లేకపోతే పెట్టాలి" అనేది మీ కోరిక, చట్టం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) చూడండి. మోటారు వాహనం అంటే యంత్రశక్తితో నడిచేది. సైకిల్ అందులోకి రాదు. ఇక ట్రాక్ సంగతి. 1989 రోడ్డు నిబంధనల్లో 11వది ఫుట్‌పాత్ మీద, సైకిల్ ట్రాక్ మీద పోలీసు అనుమతి లేకుండా బండి నడపొద్దని డ్రైవర్‌కి చెప్పింది. అంటే కట్టడి బండ్లు నడిపే మీకు! 2017లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. సైకిలిస్టు ట్రాక్‌లోనే పోవాలనే మాట వాటిలోనూ నాకు కనబడలేదు.

స్టీరింగ్‌శీను
ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) పరీక్ష రాశారా మీరు? నీలం గుండ్రంలో తెల్ల సైకిల్ బొమ్మ. దాని పేరేంటి? "కంపల్సరీ సైకిల్ ట్రాక్". కంపల్సరీ! తెలుగులో తప్పనిసరి.

లాపాయింట్
ఎవరికి తప్పనిసరి? ఆ దారి సైకిళ్ళకే వదలాలి, బండ్లు రాకూడదు అని. అదే బోర్డుకి "సైకిల్స్ ఓన్లీ" అని కూడా పేరుంది.

స్టీరింగ్‌శీను
పరీక్షలో నేను కంపల్సరీ అని టిక్ పెట్టాను, మార్కు వచ్చింది. అంతే.

మ్యూనిక్‌మురళి
జర్మనీలో ఆ నీలం బోర్డుకి శీను గారు చెప్పే అర్థమే. బోర్డు ఉంటే ట్రాక్‌లోనే పోవాలి, రోడ్డు మీద కనబడితే ఫైన్. కానీ 1998 నుంచి బోర్డు ఉన్నచోటే ఆ నిర్బంధం. ఆ బోర్డు కూడా ఎక్కడపడితే అక్కడ పాతడానికి వీల్లేదు, మామూలు కంటే ఎక్కువ ప్రమాదం ఉన్నచోటే పెట్టాలని 2010లో ఫెడరల్ పరిపాలనా కోర్టు తేల్చింది. బ్రిటన్‌లో అసలు నిర్బంధమే లేదు, హైవే కోడ్‌లోనే రాసి ఉంటుంది.

నార్సింగి_నివాసి
మ్యూనిక్ ఎందుకండీ మధ్యలో. ఇక్కడ కుక్కల సంగతి ఎవరైనా మాట్లాడండి.

డైనమో_మాస్టారు
మా రోజుల్లో సైకిల్‌కి మున్సిపాలిటీ లైసెన్సు బిళ్ల ఉండాలి. డబుల్స్ ఎక్కిస్తే కేసు. చీకటి పడ్డాక లైటు లేకపోతే పోలీసు గాలి తీసేసేవాడు, మూడు మైళ్ళు నడిపించుకుంటూ ఇంటికి పోయాను. అప్పుడు ఎవరూ సెక్షన్ అడగలేదు.

పెడల్‌ప్రియుడు
మాస్టారూ, నేను తొక్కింది పొద్దున ఏడింటికి. లైటు అవసరం లేదు.

లాపాయింట్
ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేనే దాచినట్టు. 2019 సవరణతో అదే మోటారు వాహనాల చట్టంలోకి సెక్షన్ 138(1ఎ) వచ్చింది. మోటారు లేని బండ్లు, పాదచారులు ఎక్కడికి రావచ్చో, ఎలా నడుచుకోవాలో రాష్ట్రమే రూల్స్ చేయొచ్చు. అలాంటి రూల్స్ ఆరు నెలల్లో చేయమని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. పోలీసు ఉత్తర్వులతో ఆపడం ఎలాగూ ఉంది, 2013లో కలకత్తాలో 174 రోడ్ల మీద సైకిళ్ళు నిషేధించారు. కాబట్టి ఆపాలంటే దారి ఉంది. కానీ కాగితం చూపించాలి. గద్దింపు కాగితం కాదు.

స్టీరింగ్‌శీను
చూశారా, అధికారం ఉందని మీరే ఒప్పుకున్నారు!

లాపాయింట్
అధికారం ఉండటం వేరు, వాడటం వేరు. తెలుగు చదవడం వచ్చా?

స్టీరింగ్‌శీను
నోరు జాగ్రత్త. లక్ష రూపాయల సైకిలేసుకుని, రంగురంగుల బిగుతు బట్టలేసుకుని, ఆదివారం పూట తిరిగేవాళ్ళకి చట్టం గుర్తొస్తుంది. రోజంతా రోడ్డు మీద బతికేవాళ్ళ బాధ మీకేం తెలుసు?

పెడల్‌ప్రియుడు
నాది తొమ్మిది వేల సైకిల్. సెకండ్ హ్యాండ్. సోమవారం నుంచి శుక్రవారం దాని మీదే ఆఫీసుకి పోతాను. ట్రాక్ ఎక్కనని అనలేదే? నేను మధ్యలో ఎడమకి తిరగాలి. దాంట్లోకి ఎక్కితే దిగడానికి నాకు కావలసిన చోట సందు లేదు. సైకిల్ భుజాన వేసుకుని దూకమంటారా? అసలు మీకు సైకిళ్ళ మీద ఇంత కోపం ఎందుకు?

నార్సింగి_నివాసి
అదే నేనూ అడుగుదామనుకున్నా. పాత చర్చల్లో కూడా ఈయనే.

స్టీరింగ్‌శీను
చెప్తా వినండి. మొన్న చలికాలంలో మా బామ్మర్ది కారుకి తెల్లవారుజామున ఒక సైకిల్ తగిలింది. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్న వాచ్‌మన్. కాలు విరిగింది. కేసు నడుస్తోంది. ట్రాక్ పక్కనే ఉంది. ఉండగా రోడ్డు మీదికొస్తే తప్పు ఎవరిది? నేనడిగేది అదొక్కటే. రూల్ ఉంటే మా వాడు బయటపడతాడు.

లాపాయింట్
ఇది మొదటే చెప్పొచ్చుగా. శీను గారూ, సైకిలిస్టు ట్రాక్ వదిలి రోడ్డు మీదికొచ్చాడన్నంత మాత్రాన డ్రైవర్ బాధ్యత పోదు. సైకిలిస్టు నిర్లక్ష్యం కూడా ఉందని తేలితే పరిహారంలో కొంత తగ్గుతుంది. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. బామ్మర్దిని మంచి వకీలుని చూసుకోమనండి. ఇందాకటి మాటకి సారీ.

పెడల్‌ప్రియుడు
ఆ వాచ్‌మన్ ఇల్లు ఎటువైపు? ట్రాక్ వైపా, ఇవతలా?

స్టీరింగ్‌శీను
ఇవతలే. బస్తీలో.

డైనమో_మాస్టారు
అతని సైకిల్‌కి లైటు ఉందా?

స్టీరింగ్‌శీను
లేదు మాస్టారూ. మావాడి కారుకీ ఒక హెడ్‌లైటు వెలగదు. అది స్టేషన్‌లో ఎవరూ అడగలేదు.