బాంబుల భయంలో మొక్కిన మొక్కు చెల్లించి తీరాలా?

అడయార్ పాఠకురాలు:
గ్రాహం గ్రీన్ రాసిన ‘ది ఎండ్ ఆఫ్ ది అఫైర్’ (1951) మొన్న పూర్తి చేశాను. అప్పట్నుంచీ మా చర్చి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో దీని మీదే గొడవ, అక్కడ తేలక ఇక్కడికి తెచ్చాను. చదవనివాళ్ల కోసం కథ: 1944, లండన్ మీద జర్మన్ల వి-1 బాంబులు పడుతున్నాయి. సారా పెళ్లైన మనిషి, బెండ్రిక్స్ అనే రచయితతో సంబంధం ఉంది. ఓ రోజు బాంబు పడి వీధి తలుపు ఊడి అతని మీద పడుతుంది, కింద నుంచి చెయ్యి మాత్రం కనిపిస్తుంది. పోయాడనుకుని, అప్పటిదాకా దేవుణ్ణి నమ్మని మనిషి మోకాళ్ల మీద కూలబడి, బతికిస్తే ఇతన్ని వదిలేస్తానని మొక్కుతుంది. కాసేపటికి అతను లేచి గదిలోకి వస్తాడు. ఆమె నిజంగానే వదిలేస్తుంది. ఇది విశ్వాసమా, భయమా? నా మటుకు నాకు, దేవుడు ఇలాంటి బేరాలు ఒప్పుకోడు.

పెరంబూర్ విశ్వాసి:
వందనాలు సిస్టర్. ఇందులో చర్చేముంది? బైబిల్లో ప్రసంగి 5వ అధ్యాయం 4, 5 వచనాలు చూడండి, మొక్కుకుని చెల్లించకపోవడం కంటే అసలు మొక్కుకోకపోవడమే మేలని స్పష్టంగా ఉంది. పైగా ఆమె వదిలింది వ్యభిచారాన్ని. మొక్కినా మొక్కకపోయినా వదలాల్సిందేగా!

వేపేరి వాసి:
అలా అయితే సంఖ్యాకాండం 30 కూడా చదవండి బ్రదర్. భార్య మొక్కు సంగతి విన్న రోజునే భర్త కాదంటే అది రద్దు. పాపం సారా భర్త హెన్రీకి అసలు విషయమే తెలియదు :) ఇక న్యాయాధిపతులు 11లో ఇశ్రాయేలు నాయకుడు యెఫ్తా సంగతి? యుద్ధంలో దేవుడు గెలిపిస్తే ఇంట్లోంచి నాకు ఎదురొచ్చినదాన్ని దహనబలి ఇస్తానన్నాడు, కూతురు తంబురతో ఎదురొచ్చింది. మాట నిలబెట్టుకున్నాడని ఆయన్ని మెచ్చుకుందామా?

శాంథోమ్ క్యాథలిక్:
మా దగ్గర దీనికి రూలే ఉంది. 1983 కానన్ లా, అంటే మా చర్చి చట్టం, 1191వ నియమం: మొక్కు అంటే సాధ్యమైన, మరింత మేలైన దాని గురించి ఆలోచించి, స్వేచ్ఛగా దేవుడికి ఇచ్చే మాట. అన్యాయంగా కలిగించిన తీవ్రమైన భయంతో మొక్కితే అది చెల్లదు. కానీ ఇక్కడ సారాను మొక్కమని ఎవరూ బెదిరించలేదు కదా, బాంబు వేసినవాడికి ఆమె మొక్కుతో పనేంటి? కాబట్టి భయం లెక్కలోకి రాదనే నేను అనుకుంటున్నా. నా అనుమానమల్లా ‘ఆలోచించి’ అన్న దగ్గరే. ఆ క్షణంలో ఎవరు ఆలోచిస్తారు? ఇంకోటి, బేరం అని అంత తేలిగ్గా తీసిపారేయకండక్కా. ఏటా ఆగస్టు 29న పండగ జెండా ఎక్కేసరికి మన చెన్నై బెసంట్ నగర్ వేళాంకణ్ణి మాత గుడికి కాషాయం కట్టుకుని చెప్పుల్లేకుండా నడిచొచ్చేవాళ్లలో సగం మంది బిడ్డకు జ్వరం తగ్గాలని మొక్కినవాళ్లే అయ్యుంటారు. వాళ్ల విశ్వాసం ఉత్తదేనా?

సైదాపేట:
2015 డిసెంబర్ వరదల్లో మా మెట్ల మీదికి నీళ్లొస్తున్నాయి, కరెంటు లేదు, అన్న ఫోన్ కలవట్లేదు. అమ్మ మోకరించి, వాడు క్షేమంగా ఇల్లు చేరితే నాన్న గొలుసు కానుక పెట్టెలో వేస్తానంది. తెల్లారి అన్న నడుము లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు. మొక్కు సంగతి విని నాన్న, “మొక్కింది నువ్వు, గొలుసు నాది, అదెట్లా?” అన్నాడు. అమ్మ వినలేదు. ఆదివారం వేసేసే వచ్చింది. నాన్న కాదన్నా రద్దు కాలేదు వేపేరి అన్నా, మీ సంఖ్యాకాండం మా ఇంట్లో పనిచెయ్యలేదు. అందుకే నన్నడిగితే మొక్కు చెల్లుతుందా లేదా అన్నది కాదు ప్రశ్న, దాన్ని ఎవరి జేబులోంచి చెల్లిస్తున్నారన్నది. యెఫ్తా మొక్కితే పోయింది కూతురు ప్రాణం. సారా మొక్కితే బెండ్రిక్స్ ఏమీ తెలియకుండా రెండేళ్లు ఆమెను ద్వేషిస్తూ కుళ్లిపోయాడు, చివరికి డిటెక్టివ్‌ను పెట్టి ఆమె డైరీ కొట్టేయిస్తే గానీ కారణం తెలియలేదు. వదిలేస్తానని మొక్కింది సరే, ఎందుకు వదిలేస్తున్నానో చెప్పనని మొక్కలేదుగా?

పెరంబూర్ విశ్వాసి:
అది ఒప్పుకుంటా. చెప్పాల్సింది. మొక్కు చెల్లదంటే మాత్రం ఒప్పుకోను.

అడయార్ పాఠకురాలు:
చెబితే ఏమయ్యేదంటారు? బెండ్రిక్స్ అస్సలు నమ్మకం లేనివాడు, పైగా మాటకారి. కూర్చోబెట్టి గంటలో ఆమె మనసు మార్చేసేవాడు. అసలు ఆ మొక్కు నుంచి తప్పించుకోవడానికి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. స్మైత్ అనే నాస్తికుడి దగ్గరికి పనిగట్టుకుని వెళ్తుంది, దేవుడు లేడని తేలిపోతే మొక్కూ ఉండదని. ఆయన ఎంత కసిగా వాదిస్తే ఈమెకు నమ్మకం అంత గట్టిపడింది. ముక్కూమొహం తెలియనివాడి వాదన తట్టుకుంది గానీ, ప్రేమించినవాడు ఎదురుగా కూర్చుని అడిగితే తట్టుకోగలనన్న ధైర్యం ఆమెకు లేదు. నాకైతే చెప్పకపోవడం తప్పనిపించట్లేదు సైదాపేట గారూ, గొలుసు విషయంలో మాత్రం మీ నాన్నగారి పక్షమే.