‘వర్చువల్ సంస్థ’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: “వర్చువల్ సంస్థలు సమాచార జాలంతో పోటీలో ఎలా నెగ్గుతాయి” అనే పాఠం తెలుగులోకి వస్తోంది. ‘మిథ్యా సంస్థ’ అంటే సరిపోతుందా? ‘కాంపిటీటివ్ అడ్వాంటేజ్’కు ‘పోటీ ప్రయోజనం’ అనే మాట ఎలా ఉంది?

జవాబు: మిథ్య వద్దండీ. అద్దంలో బొమ్మను తెరమీద పట్టలేం కాబట్టి భౌతికశాస్త్రంలో దానికి ‘మిథ్యా ప్రతిబింబం’ కుదిరింది. అదే మాట సంస్థ ముందు చేరిస్తే చదివేవారికి తట్టేది డొల్ల కంపెనీ. అక్కడ బోర్డూ బ్యాంకు ఖాతా ఉంటాయి, పని ఉండదు. వర్చువల్ సంస్థలో అంతా తలకిందులు: ఇతరుల ఫ్యాక్టరీల్లో పని నిండుగా జరుగుతుంది, సొంత ఫ్యాక్టరీయే ఉండదు. లాటిన్‌లో ‘విర్టూస్’ అంటే సత్తువ, గుణం. రూపం లేకపోయినా ఫలం ఇచ్చేదే వర్చువల్. హిందీవాళ్ల ‘ఆభాసీ’ తెచ్చుకుందామంటే మనకు రసాభాస, అభాసుపాలు గుర్తొస్తాయి. అది ఇంకా ప్రమాదం.

మరో జవాబు: మాట వెతికేముందు పని చూద్దాం. 1906లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మొదలై తర్వాత హాంకాంగ్ చేరిన లీ అండ్ ఫంగ్ అనే వ్యాపార సంస్థ దీనికి మంచి ఉదాహరణ. దుకాణాలు అడిగిన సరుకును ఇతరుల ఫ్యాక్టరీల్లో చేయించి ఇస్తుంది. ఐరోపా దుకాణం 10,000 దుస్తులు అడిగిందనుకోండి. నూలు కొరియాది, నేతా అద్దకమూ తైవాన్‌లో, జిప్పులు చైనాలోని జపాన్ కంపెనీ ప్లాంటువి, కుట్టుపని థాయ్‌లాండ్‌లో ఒకేసారి ఐదు ఫ్యాక్టరీల్లో. ఐదు వారాల్లో సరుకు చేరుతుంది. ఎవరి దగ్గర ఏ వారం మగ్గం ఖాళీగా ఉంటుందో తెలియడమే లీ అండ్ ఫంగ్ ఆస్తి. ముందు రంగు వేయని నూలు పక్కన పెట్టిస్తారు, తర్వాత మిల్లులో నేతకూ అద్దకానికీ వంతు కేటాయించుకుంటారు. రంగు, డిజైన్ చివర్లో తేలతాయి. దుకాణదారు ఎంత ఆలస్యంగా రంగు చెప్పగలిగితే అమ్ముడుపోని సరుకు అంత తగ్గుతుంది. పైచేయి వచ్చేది అక్కడే.

ఇందులో ఒక చిక్కుంది. పని చేయించుకునేది మనమే అనుకోండి. ఫ్యాక్టరీ ఉత్పత్తిలో 30 శాతంకన్నా తక్కువ కొంటే యజమాని మన మాట పట్టించుకోడు. 70 దాటితే అతని బతుకంతా మనమీదే పడుతుంది, మనకూ వేరేచోటికి కదిలే వీలుండదు. అందుకే లీ అండ్ ఫంగ్ ఈ రెండు హద్దుల మధ్య ఉండాలని చూసేది.

మొదటి జవాబు రాసినవారు: అయితే ‘కూర్పు సంస్థ’ అందాం. ఆర్డరు ఆర్డరుకీ కొత్తగా కూర్చుకుంటుంది కదా. ‘జాల సంస్థ’ అంటే ఇంటర్నెట్ కంపెనీ అనుకుంటారు. ‘పోటీ ప్రయోజనం’ మాత్రం మార్చండి, పోటీవల్ల కలిగే మేలు అన్నట్టుంది. ‘పోటీలో పైచేయి’ చాలు.

ప్రశ్న వేసినవారు: మొదటిసారి “వర్చువల్ సంస్థ, అంటే కూర్పు సంస్థ” అనీ, ఆ తర్వాత కూర్పు సంస్థ అనీ రాస్తాను. శీర్షిక: “సమాచార జాలంతో కూర్పు సంస్థలు పోటీలో పైచేయి సాధించే తీరు”.