రైల్వే ట్రాక్ మీద ఎం.టెక్ చెయ్యాలా, జేఈ (రైల్వే జూనియర్ ఇంజనీరు) కోచింగ్‌కి పోవాలా?

గుణుపురం సివిల్
అందరికీ నమస్తే. మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. సివిల్ బీటెక్ ఆఖరి సంవత్సరం, గేట్ (ఎం.టెక్ ప్రవేశ పరీక్ష) రాస్తున్నాను. నాకు రైల్వే ట్రాక్ మీద పీజీ చెయ్యాలని ఉంది. నాన్నేమో "బరంపురం పోయి జేఈ కోచింగ్‌లో చేరు, ఎం.టెక్ చదివి మళ్లీ అదే పరీక్ష రాస్తావా" అంటున్నారు. తాతగారు నౌపడ చిన్నరైల్లో పనిచేసినాయన. మా ఇంట్లో రైలంటే గౌరవమే, పై చదువంటేనే అనుమానం.

రైల్వే ఇంజనీరింగ్ అని పేరున్న కోర్సే వెతకాలా, ట్రాన్స్‌పోర్టేషన్ అయినా సరిపోతుందా? అసలు పీజీలో కొత్తగా ఏం చెబుతారు? సిలబస్‌లు చూస్తే బీటెక్ పాఠాలే పేరు మార్చి పెట్టినట్టున్నాయి.

రాయగడ సైటు
మీ నాన్నగారి మాట కొట్టిపారేయకండి. జేఈకి డిప్లొమా చాలు, ఈఎస్‌ఈకి (కేంద్ర ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్షకి) బీటెక్ చాలు. ఎం.టెక్ ఉందని అక్కడ ఒక్క మార్కు కూడా కలపరు. గేట్‌తో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, దాంతో మెస్సూ పుస్తకాలూ గడుస్తాయి, అంతే.

పర్లాకిమిడి పట్టా
తమ్ముడివో చెల్లివో తెలీదు, ఏమనుకోకు. నేను ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎం.టెక్ చేసి ఇప్పుడు ఒక కన్సల్టెన్సీలో ట్రాక్ డిజైన్ చూస్తున్నాను.

కోర్సు పేరు పట్టుకుని వేలాడకు. చాలాచోట్ల ట్రాన్స్‌పోర్టేషన్ అంటే తారు, ట్రాఫిక్, సిగ్నళ్లు. రైలుకి ఒక ఎలెక్టివ్ పడేస్తారు. చేరేముందు ట్రాక్ మీద పనిచేసే గైడ్ (థీసిస్ చేయించే ప్రొఫెసరు) ఉన్నారా లేదా చూసుకో. ఖరగ్‌పూర్ ఐఐటీలో రైల్వే పరిశోధనకే ఒక కేంద్రం ఉంది. వడోదరలో 2018లో మొదలైన రైల్వే విద్యాసంస్థ 2022లో గతిశక్తి విశ్వవిద్యాలయమైంది, అదీ చూడు.

ఇక ఏం చెబుతారన్నావు. కాంట్ (మలుపులో బయటి పట్టాని ఎంత ఎత్తులో పెట్టాలన్నది) సూత్రం బట్టీ పట్టే ఉంటావు. నాలుగు డిగ్రీల మలుపు తీసుకో, వ్యాసార్ధం 437 మీటర్ల చిల్లర. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే ప్యాసింజరుకి బయటి పట్టాని 113 మిల్లీమీటర్లు ఎత్తాలి. అదే మలుపులో లోడుతో ఉన్న గూడ్సు 30తో ఈడ్చుకుంటూ వస్తే దానికి 28 చాలు. ప్యాసింజరుని చూసి 113 పెట్టావనుకో, గూడ్సుకి 85 ఎక్కువవుతుంది. రైల్వే మాన్యువల్ ఒప్పే ఎక్కువ 75 వరకే. బరువు లోపలి పట్టా మీద పడి దాని తల నలిగిపోతుంది. మరీ తగ్గించావా, ప్యాసింజరు చక్రం అంచు బయటి పట్టాని ఒరుసుకుంటూ పోతుంది. ఎంత పెడతావు మరి? ఆ లైన్లో ఏ బండ్లు ఎన్ని, ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు, పట్టా మార్చే ఖర్చెంత... ఇదంతా లెక్కేసి తేల్చడమే పీజీలో సగం చదువు. నాకైతే అందులో భలే మజా ఉంది. అదే లెక్క విసుగు పుట్టిస్తే మాత్రం బరంపురం బస్సెక్కెయ్, తప్పేం లేదు.

ఇంకోటి. మలుపు సరిగ్గా ఉందా లేదా అని లైన్లో చూసేది 20 మీటర్ల దారంతో. ఇద్దరు రెండు కొసలూ పట్టాకి ఆనించి బిగబడితే, మూడోవాడు మధ్యలో స్కేలు పెట్టి దారానికీ పట్టాకీ మధ్య ఖాళీ చదువుతాడు. పైన చెప్పిన మలుపులో అది 114 మిల్లీమీటర్లు రావాలి. ఒకచోట 114, పది మీటర్ల అవతల 131, ఆ తర్వాత 98 వచ్చిందంటే మలుపు కదిలిపోయిందన్నమాట. బండిలో నీ లోటాలో టీ ఒలికేది అక్కడే. (సెలవుల్లో నువ్వే దారం పట్టుకుని లైన్లోకి దిగిపోకు, అనుమతి లేకుండా దిగితే కేసు పెడతారు.)

గుణుపురం సివిల్
చెల్లినే అన్నా 🙂 థీసిస్‌కి హైస్పీడ్ మీద ఏదైనా తీసుకుంటే విలువ ఉంటుందా?

పర్లాకిమిడి పట్టా
ఇంటి ముందు పని పెట్టుకుని హైస్పీడ్ ఎందుకమ్మా. మా పర్లాకిమిడి రాజుగారు వేయించిన చిన్నరైలు లైను 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వచ్చింది, 1931లో మీ ఊరికి చేరి ఆగిపోయింది. 2011లో బ్రాడ్‌గేజ్ అయినా ఆఖరి స్టేషన్ గుణుపురమే. 2024 ఆగస్టులో గుణుపురం–తేరుబలి లైనుకి కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది, 73 కిలోమీటర్ల పైచిలుకు. అదే రోజు మల్కనగిరి–భద్రాచలం వైపు లైనుకి కూడా. కోరాపుట్టు ఘాట్‌లో వానలొస్తే కొండచరియ జారి బండ్లు ఆగడం నీకు తెలిసిందే. కొండ కోసిన కట్టింగు వాలు, నీరు పోయే దారి, కట్ట కింద మట్టి, వీటిలో ఏది పట్టుకున్నా థీసిస్ అవుతుంది. ట్రాక్ గైడ్ దొరక్కపోతే జియోటెక్‌లో (మట్టి, పునాదుల ఇంజనీరింగ్‌లో) చేరినా ఈ పని చెయ్యొచ్చు.

విశాఖ సిగ్నల్
బర్మింగ్‌హామ్ ఎమ్మెస్సీ సంగతి కూడా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి నేనే చెప్పేస్తా. అది రైల్వే సిస్టమ్స్ కోర్సు. సిగ్నలింగ్, ట్రాక్షన్ (బండిని లాగే ఏర్పాటు), ట్రాక్ అన్నీ కలిపి ఎలా నడుస్తాయనేది చెబుతారు. ట్రాకే ప్రాణం అనుకునేవాళ్లకి అంత ఫీజు దండగ.

రాయగడ సైటు
గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. జేఈ నోటిఫికేషన్ పడితే అప్లికేషన్ కూడా పెట్టెయ్యమ్మా. నాన్నగారికి ఊరట, నీకు పోయేదేం లేదు.

గుణుపురం సివిల్
అలాగేనండి. గైడ్‌కి మెయిల్ పెట్టాలంటే ఏం రాయాలి? "రెస్పెక్టెడ్ సర్" దాటి చెయ్యి కదలడం లేదు.

పర్లాకిమిడి పట్టా
ఆయన పేపరు ఒకటి పూర్తిగా చదువు. అందులో నీకు అర్థం కాని గ్రాఫు ఒక్కటి ఉంటుంది, దాని గురించి అడుగు. నాలుగు లైన్లు చాలు. మార్కుల జాబితా జత చెయ్యి, కవితలు రాయకు.