రంధ్రాలున్న బేరింగుల్లో, తడి క్లచ్‌లలో ఉపరితల గరుకుదనం చేసే పని

ప్రశ్న

నూనె ఇంకించిన సింటర్డ్ కంచు బుష్‌లో (లోహపు పొడిని అదిమి వేడిచేసి తయారుచేసిన, సన్నటి రంధ్రాలున్న గొట్టంలాంటి బేరింగులో) తిరిగే షాఫ్టుకు మరింత పాలిష్ పట్టి, దాని ఆర్ఎంఎస్ గరుకుదనాన్ని (ఎత్తుపల్లాల వర్గాల సగటుకు వర్గమూలం) 0.3 మైక్రాన్ల నుంచి 0.1కి తగ్గించాను. బుష్ లోపలి గోడ గరుకుదనం 0.9 మైక్రాన్లు. ఇంత శ్రమపడినా ఘర్షణలోగాని, వేడిలోగాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరోవైపు, నూనెలో మునిగి పనిచేసే క్లచ్ ప్లేట్లకు కొంత గరుకుదనం ఉండి తీరాలంటారు. ఒకచోట చెరుపు అయినది మరోచోట మేలు ఎందుకవుతోంది?

జవాబు 1

మీ అంకెలతోనే చూద్దాం. రెండు ఉపరితలాల గరుకుదనాల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే ఉమ్మడి గరుకుదనం వస్తుంది. పాలిష్‌కు ముందు అది సుమారు 0.95 మైక్రాన్లు, తర్వాత 0.91. నూనె పొర మందం 2 మైక్రాన్లు అనుకుని దాన్ని ఈ విలువలతో భాగిస్తే, లాంబ్డా నిష్పత్తి 2.1 నుంచి 2.2కి మాత్రమే పెరిగింది. అది 3 దాటితే లోహాలు దాదాపు తాకవు, 1 కంటే తగ్గితే భారమంతా గరుకు మొనలే మోస్తాయి. మీరు ఈ రెంటి నడుమ ఉన్న మిశ్రమ దశలోనే ఉండిపోయారు.

అయితే ఆ 0.9ని నేను పూర్తిగా నమ్మను. కొలిచే సూది రంధ్రాల్లోకి దిగినప్పుడల్లా విలువ ఉబ్బుతుంది, కానీ షాఫ్టును గీరేవి మొనలే తప్ప రంధ్రాలు కావు. పైభాగంలో ఎంత మేర నునుపుగా ఉందో విడిగా చూపే బేరింగ్ ఏరియా వక్రరేఖ ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది. పాలిష్ వృథా అని కూడా అనలేం. గరుకు షాఫ్టు మెత్తటి కంచును ఆకురాయిలా అరగదీసి, రంధ్రాల నోళ్లను పూడ్చేస్తుంది.

జవాబు 2

గరుకుదనం ఎంత అన్నదానితోపాటు ఎటు అన్నదీ ముఖ్యమే. పరిశోధకుడు క్రిస్టెన్సన్ 1969లో ప్రతిపాదించిన, గరుకుదనాన్ని సంభావ్యతతో లెక్కించే యాదృచ్ఛిక నమూనా ప్రకారం, వెడల్పైన బేరింగులో కదలికకు అడ్డంగా ఉన్న గీతలు నూనె ప్రవాహాన్ని నిలువరించి పొరలో పీడనాన్ని పెంచుతాయి, కదలిక వెంబడి ఉన్నవి తగ్గిస్తాయి. పొట్టి బుష్‌లో మాత్రం నూనె ప్రధానంగా పక్కలకు జారిపోతుంది కనుక, చుట్టూ తిరిగిన గీతలే ఆ జారుడును ఆపి లెక్కను తారుమారు చేయగలవు.

బుష్‌కు రంధ్రాలున్నప్పుడు మరో దారి తెరుచుకుంటుంది. పీడనం ఎక్కువైన చోట నూనె గోడలోకి ఇంకి, తక్కువైన చోట బయటికి వస్తుంది. రంధ్రాలున్న పదార్థంలో ద్రవం పారే తీరును చెప్పే డార్సీ నియమాన్ని, పలుచటి నూనె పొరలో పీడనాన్ని లెక్కించే రేనాల్డ్స్ సమీకరణంతో జోడించి మోర్గాన్, కామెరాన్ అనే పరిశోధకులు 1957లో విశ్లేషించింది ఈ ప్రవాహాన్నే. గోడ పారగమ్యత (నూనెను తనగుండా పోనిచ్చే గుణం) పెరిగేకొద్దీ పీడనం నిలవదు, అడ్డగీతల వల్ల దక్కిన మేలూ గోడలోకే పోతుంది. కాబట్టి ఇలాంటి బుష్‌లో గరుకుదనాన్ని పారగమ్యతతో కలిపి చూడాలే తప్ప విడిగా లెక్కించడం సరికాదు.

జవాబు 3

క్లచ్ విషయం నేను చెబుతాను. బేరింగులో పొర నిలవాలి, క్లచ్‌లో అది త్వరగా తొలగాలి. ప్లేట్లు దగ్గరైనప్పుడు నడుమనున్న నూనె నలిగి బయటికి పోవాలి, కానీ పోయే వేగం మందపు ఘనాన్ని బట్టి ఉంటుంది కనుక పొర పలచబడేకొద్దీ అది మొండికేస్తుంది. ప్లేట్లకు అంటించిన కాగితపు లైనింగ్ రంధ్రాలు, దానిలో కోసిన గాళ్లు ఆ నూనెకు దారి ఇస్తాయి; ఆపై గరుకు మొనలు తాకి టార్క్‌ను (తిప్పే బలాన్ని) అందుకుంటాయి. నూనె మాడి రంధ్రాలు మూసుకుపోతే లైనింగ్ మెరుపెక్కుతుంది. అప్పుడు పట్టు తగ్గుతుంది. జారుడు వేగం పెరిగేకొద్దీ ఘర్షణ తగ్గే స్థితి వస్తే క్లచ్ అదురుతుంది కూడా.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. అయితే ఆ 0.9ని తగ్గించడానికి బుష్‌ను రీమర్‌తో (రంధ్రాన్ని కొద్దిగా కోసి సరిచేసే పనిముట్టుతో) నునుపు చేయవచ్చా?

జవాబు 1

వద్దు. కోత అంచు కంచును పులిమి రంధ్రాలను మూసేస్తుంది, నూనె లోపలే చిక్కుకుపోతుంది. కొలతకు తీసిన నున్నటి పిన్నుతో బుష్‌ను ప్రెస్‌లో ఎక్కించి, పిన్నును బయటికి లాగేయండి.