వేడెక్కాకే పీ0201 కోడ్: ఇంజెక్టర్ మార్చేయాలా?

ప్రశ్న: నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి, పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్‌లోకి కాకుండా, గాలి వెళ్లే దారిలో పెట్రోల్ చిమ్మే రకం). చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, వేడెక్కితే మిస్సింగ్. స్కానర్‌లో పీ0201 (ఒకటో సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తప్పు). ఒకటో ఇంజెక్టర్ కొలిస్తే 12 ఓమ్స్. కొత్తది తెచ్చేయమంటారా?

జవాబు 1: తొందరపడకండి. ఇంజెక్టర్ లోపలి కాయిల్ పాడైనా, చల్లగా ఉంటే మంచిదిగానే కనిపించొచ్చు! మిస్సింగ్ ఉండగా ఇంజన్ ఆపి, వెంటనే కొలవండి. ఈ రకానికి సుమారు 11–16 ఓమ్స్ ఉండాలి. ఓపెన్ (లోపల తెగి, కరెంటు దారే లేనట్టు) చూపిస్తే కాయిల్ పోయినట్టే. తేలకపోతే 1, 2 ఇంజెక్టర్లు అటూఇటూ మార్చండి. కోడ్ పీ0202 (రెండో సిలిండర్‌ది) అయితే తప్పు ఇంజెక్టర్‌దే. మారకపోతే వైరింగో, ఈసీయూనో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్).

జవాబు 2: మార్చేముందు ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే రెయిల్‌లో ప్రెషర్ దించండి, ఓ-రింగులు కొత్తవి వేయండి. నేనైతే ముందు కనెక్టర్ చూస్తాను. కీ ఆన్‌లో (కొన్ని బండ్లలో క్రాంక్ చేస్తుంటేనే) ఒక పిన్‌కి బ్యాటరీ వోల్టేజ్ రావాలి. రెండోది ఈసీయూ గ్రౌండ్ చేసే వైరు. ఇంజెక్టర్ బదులు ఆ కనెక్టర్‌లో నాయిడ్ లైట్ (సిగ్నల్ వస్తుందో చూపే చిన్న టెస్ట్ బల్బు) పెట్టి సెల్ఫ్ కొడితే మినుకుమనాలి.

జవాబు 3: వైరు తెగిందో లేదో చూడటానికి మీటర్ బీప్‌ని నమ్మొద్దు, ఒక్క పోగు మిగిలినా మోగుతుంది. బ్యాటరీ తీసి, ఈసీయూ, ఇంజెక్టర్ కనెక్టర్లు రెండూ విప్పండి. బయటి 12 వోల్టుల నుంచి ఈసీయూ నుంచి ఇంజెక్టర్‌కి వెళ్లే వైరు గుండా 5 వాట్ల బల్బు వెలిగించి, హార్నెస్ (వైర్ల కట్ట) కొద్దికొద్దిగా కదపండి. ఎక్కడ కదిపితే బల్బు మసకబారుతుందో అక్కడే తెగింది. బ్రాకెట్‌కి వైరు ఒరుసుకునే చోటు, ఎలుకలు కొరికే చోటు ముందు చూడండి.