ఇంగ్లండ్‌లో ఫుట్‌పాత్ పక్కనే కాల్పులు: ఫిర్యాదు ఎలా రాయాలి?

యార్క్‌షైర్‌లో గొర్రెల పొలం మీదుగా వెళ్లే పబ్లిక్ ఫుట్‌పాత్ (ఎవరైనా నడవడానికి హక్కున్న కాలిబాట) ఇది. మా కుక్క ఎప్పుడూ 2 మీటర్ల పట్టీతోనే ఉంటుంది. అయినా గేటుకి ‘కుక్క కనిపిస్తే కాల్చేస్తాం’ అని బోర్డు పెట్టారు. పొద్దున 7 గంటలప్పుడు పొలం యజమాని దారి పక్కనే నిలబడి షాట్‌గన్‌తో కాకుల్ని కొడుతుంటాడు. మొన్న సీసం గుళ్లు మా పక్కనున్న కంచెకి టపటపా తగిలాయి.

కౌన్సిల్‌కి రాస్తే, దారి డెఫినిటివ్ మ్యాప్‌లో (ప్రజలకు హక్కున్న దారుల అధికారిక పటంలో) ఉందని ఒప్పుకుని, తుపాకీ సంగతి పోలీసులదన్నారు. 101కి (అత్యవసరం కాని విషయాలకు పోలీసుల నంబరు) ఫోన్ చేస్తే, 1980 హైవేస్ చట్టంలోని, దారికి 50 అడుగుల లోపు తుపాకీ పేల్చి జనానికి ప్రమాదం తేకూడదన్న నిబంధన బళ్లు తిరిగే రోడ్లకేనన్నారు. ఆ మాట నిజమే. 1971 యానిమల్స్ చట్టం కూడా గొర్రెల మీద పడే కుక్కని కాల్చినప్పుడే గొర్రెల యజమానికి అండగా ఉంటుంది, పట్టీతో నడిచే కుక్క విషయంలో కాదు.

ఇలాంటి కాల్పుల మీద పోలీసుల ఫైర్‌ఆర్మ్స్ లైసెన్సింగ్ (తుపాకీ లైసెన్సులిచ్చే) విభాగానికి రాసి పని జరిపించుకున్నవాళ్లు, ఫిర్యాదులో ఏ చట్టం, ఏ సెక్షన్ చూపించారు?